కడిగినట్టున్న పళ్ళాలు

రాయకోట చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా ముందు ముహూర్తం చూసుకునేవారు, ఆ తర్వాత వంట మేస్త్రీ శివప్ప ఖాళీగా ఉన్నాడా అని కనుక్కునేవారు. కొందరు ఆ వరస తిప్పేవారు కూడా. మేస్త్రీకి కుదిరే రోజేదో అడిగి తెలుసుకుని, దానికి తగ్గట్టు ముహూర్తం పెట్టించుకునేవారు. ముప్పై ఏళ్ళు అలా గడిచాయి. శివప్పకు పిల్లలు లేరు. పక్కన కూర్చుని మసాలా నూరిపెట్టే భార్య కాళమ్మ పోయాక కూడా నాలుగేళ్ళు పొయ్యి వదల్లేదు. చివరికి సూళగిరి దగ్గర ఒక పెళ్ళిలో అన్నం వార్చేటప్పుడు గుండిగ జారి, మరిగే గంజి కుడిచేతి మీద పడింది. పుండు మానింది కానీ వేళ్ళు మడత పడలేదు. గరిటె పట్టుకోలేని వంట మేస్త్రీని ఎవరు పిలుస్తారు?

పిలిచినవాడు కేశవప్ప ఒక్కడే. కృష్ణగిరి అవతల మామిడి తోటలున్న రైతు. అతని పెళ్ళికీ, అతని కూతురి పెళ్ళికీ వండింది శివప్పే. రాయకోట రోడ్డులో ముసలివాళ్ళ కోసం నడిచే ఆశ్రమానికి కేశవప్ప కార్యదర్శి.

"ఒంటిగా ఏం చేస్తావు మేస్త్రీ, ఆడికి వచ్చేయి. మూడు పూటలా తిండి, పడుకునేదానికి మంచం. నీకేం కావాలంటే నాకు చెప్పు," అన్నాడు.

అలా రెండువేల ఒకటో సంవత్సరం కార్తీకంలో, ఒక ట్రంకు పెట్టెతో శివప్ప ఆశ్రమానికి వచ్చాడు. పొడుగాటి పెంకుల ఇల్లు, ముందు వరండా, వెనక వంటిల్లు. అతనితో కలిపి ఇరవై ఆరుగురు. వాళ్ళలో దాసప్ప రాయకోటవాడే. బండి చక్రాలు చేసిన వడ్రంగి. శివప్ప వండిన పెళ్ళిళ్ళలో కనీసం పాతికైనా తిని ఉంటాడు. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు. పాత ఊరివాడు కనిపించగానే దాసప్ప అతని మంచాన్ని తన మంచం పక్కకు లాగించాడు.

మొదటి మధ్యాహ్నం పళ్ళెంలో అన్నం, ఆకుకూర పప్పు, రసం వచ్చాయి. శివప్ప ఎడమచేత్తో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నవ్వొచ్చింది. అన్నం మెత్తగా నలిగిపోయి ఉంది. తాలింపులో ఇంగువ లేదు. చింతపండు ఎవరికో భయపడి వేసినట్టుంది. మిరపకాయ ఉందో లేదో వెతుక్కోవాలి.

"ఎవరు వండినారు?" అని దాసప్పను అడిగాడు.

"సుగంధి. సామల్పట్టి పక్క పల్లె. బాగుండాది కదా," అన్నాడు దాసప్ప, తలెత్తకుండా తింటూ.

శివప్పకు పాత అలవాటు ఒకటి ఉంది. పెళ్ళిలో బంతి లేవగానే పందిరి వెనక నిలబడి, పారేసిన విస్తళ్ళు చూసేవాడు. మనుషులు మొహమాటానికి ఏమైనా అంటారు, విస్తరి అబద్ధం చెప్పదు. ఎంత గొప్ప పెళ్ళిలోనైనా ఏదో ఒకటి మిగిలే ఉంటుంది, పచ్చడో, కూరో, సగం తిన్న వడో. ఆ రోజు కూడా చెయ్యి కడుక్కునే సాకుతో వెనక తొట్టి దగ్గరికి వెళ్ళి పళ్ళాలు చూశాడు. ఒక్కదాంట్లో మెతుకు లేదు. కడగకముందే కడిగినట్టున్నాయి. గుండెల్లో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. ఆకలి మీద ఏమైనా తింటారులే అనుకున్నాడు. మర్నాడూ అంతే. వారం దాటాక ఆ సర్దుబాటు మాట పనిచెయ్యలేదు.

సుగంధికి నలభై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి. ఊర్లో బడిపిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే చోట ఆయాగా పన్నెండేళ్ళు పనిచేసింది. పెళ్ళి పొయ్యి దగ్గర ఒక్కసారీ నిలబడలేదు. వడ్డించాక ఆమె వంటింట్లోకి పోదు. వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరు మింగేటప్పుడు గొంతు చూస్తుంది. ఎవరికి దిగుతోంది, ఎవరికి అడ్డం పడుతోంది అని. మర్నాడు అడ్డం పడినవాళ్ళ పళ్ళెంలో కూర నలిగి ఉంటుంది. దాసప్పకు చిక్కుడుగింజలు తొక్క తీసి మెదిపి పెట్టేది. చక్కెర జబ్బున్న మద్దమ్మకు వేరుగా రాగిసంగటి, అదీ చిన్న చిన్న ఉండలుగా. ఎవరూ అడిగేవారు కాదు. అడగకముందే వచ్చేది.

శివప్ప ఒకరోజు వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"సుగంధమ్మా, రసంలోకి ధనియాలు వేయించి పొడి చెయ్యి. మిరియాలు కచ్చాపచ్చాగా దంచు. తాలింపు ఘుమఘుమలాడితే కదమ్మా పిలవకనే ఆకలి వచ్చేది."

"సరేప్పా," అంది ఆమె.

సాయంత్రం రసం మామూలుగానే వచ్చింది. మర్నాడు శివప్ప మళ్ళీ వెళ్ళాడు. "చెప్పింది చెయ్యలేదే?"

సుగంధి బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. "నువ్వు చెప్పింది రుచేప్పా. కాదనను. అయితే పెళ్ళికి వచ్చినోళ్ళు ఒక పూట తిని పోతారు. వీళ్ళు రేపు పొద్దున లేచి మళ్ళీ తినాల కదా."

ఆమె గొంతులో వెటకారం లేదు. ఉంటే శివప్ప నాలుగు తిట్టి మరిచిపోయేవాడు.

మార్గశిరం వచ్చింది. అనపకాయల కాలం. గింజలు నానబెట్టి, తొక్క పితికి పప్పు చేస్తే ఆ సీమలో అంతకు మించిన వంట లేదు. శివప్ప చేతి పితికిపప్పు తినడానికే పిలవని పెళ్ళిళ్ళకు వచ్చినవాళ్ళున్నారు. సుగంధి రెండు గంపల గింజలు నానబెట్టి వరండాలో పోసింది. ముసలివాళ్ళంతా ఎండలో చుట్టూ చేరి పితికారు. వేళ్ళు వణికేవాళ్ళు కూడా పది గింజలైనా పితికి, ఎవరి గింజ ఎంత దూరం ఎగిరిందో చూసి నవ్వుకున్నారు. శివప్ప ఎడమచేత్తో రెండు గింజలు పట్టాడు. జారిపోయాయి. లేచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం దాసప్ప పళ్ళెం నాకినంత పని చేసి అన్నాడు. "శివప్పా, నీ చేతి పితికిపప్పు తిన్నాను, ఈ యమ్మదీ తిన్నాను. అది పెళ్ళిది. ఇది ఇంటిది."

పొగిడాడో తక్కువ చేశాడో దాసప్పకే తెలియదు. శివప్పకు మాత్రం ఆ మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది. మొత్తం రాయకోట తన పేరు చెప్పుకున్న రోజులు, దండలు, దిష్టి తీసిన ఆడవాళ్ళు, అన్నీ ఈ ఆయా చేతిలోని చప్పిడి పప్పు ముందు తేలిపోయినట్టనిపించింది. ఆ మర్నాటి నుంచి అతను ఒక పని మొదలుపెట్టాడు. ఆకలి ఉన్నా పళ్ళెంలో ముప్పాతిక తిని కొంత వదిలేసేవాడు. ఇరవై ఆరింటిలో ఒక్క పళ్ళెమైనా మిగులుతో తొట్టికి పోవాలి. ఆమె చూడాలి.

ఆమె చూసింది. మూడోరోజు దగ్గరికి వచ్చి, "గొంతు నొప్పాప్పా?" అని అడిగింది. అతను పళ్ళెం పక్కకు నెట్టి లేచిపోయాడు. మర్నాడు శివప్ప పళ్ళెంలో కూడా కూర మెదిపి వచ్చింది. పళ్ళు లేని దాసప్పకు పెట్టినట్టు. శివప్పకు ఒళ్ళంతా మండిపోయింది.

చైత్రంలో అవకాశం దొరికింది. కేశవప్ప ప్రతి ఏడూ తల్లి పేరు మీద ఆశ్రమంలో విందు పెట్టిస్తాడు. శివప్ప అతన్ని అడిగాడు. "ఈ సారి నేను చేయిస్తాను. చెయ్యి లేకపోతేనేం, నోరుండాది. ఆ యమ్మ నేను చెప్పినట్టు కలిపితే చాలు."

కేశవప్ప సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ రోజు తెల్లవారేసరికి శివప్ప తలకు తువ్వాలు చుట్టుకుని వంటింట్లో ఉన్నాడు. ఎన్నాళ్ళకో అతని గొంతు పెరిగింది. ఇరవై కొబ్బరికాయలు. గసగసాలు, లవంగాలు, సోంపు. కొబ్బరిపాల కుర్మా, నెయ్యన్నం, వడ, పాయసం. సుగంధి ఒక్క మాట ఎదురు చెప్పకుండా చెప్పినట్టల్లా చేసింది. పదింటికి వంట ముగిసింది. వాసన రోడ్డు దాకా పోయింది. బస్సు కోసం నిలబడినవాళ్ళు తిరిగి చూశారు.

కేశవప్ప హోసూరు నుంచి చుట్టాలను తీసుకుని రావాలి. పదకొండయింది, పన్నెండయింది. ఎండ పెంకుల మీద కాగుతోంది. శివప్ప కుర్మా గుండిగ మీద మూత పెట్టించి, దాని మీద తడిగుడ్డ కప్పించాడు.

"మూత తీస్తానప్పా. కొబ్బరి వేసింది, ఈ వేడికీ ఉబ్బకూ పులిసిపోతాది," అంది సుగంధి.

"మూత తీస్తే వాసన పోతాది. నాకు నేర్పించొద్దు."

"అట్లయితే వీళ్ళకు ముందు పెట్టేద్దాం. మందులేసుకోవాల."

"విందు పెట్టే ఆయప్ప రాకనే విస్తరి వేస్తారా? నువ్వు ఊరకుండు."

కేశవప్ప వచ్చేసరికి రెండు. వడ్డించేటప్పుడు శివప్ప ఎడమచేత్తో కొంచెం కుర్మా తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. చివర్లో సన్నటి పులుపు తగిలింది. చింతపండు వెయ్యలేదు, నిమ్మకాయ పిండలేదు. అతనికి తెలిసింది. ముప్పై ఏళ్ళ నాలుకకు తెలియకపోవడమేమిటి? కానీ చుట్టాలు కూర్చున్నారు, కేశవప్ప నవ్వుతూ చూస్తున్నాడు. "వెయ్యండి," అన్నాడు.

అందరూ బాగుందన్నారు. "మేస్త్రీ చేతిలో ఇంకా మందుండాది," అన్నాడు కేశవప్ప.

పొద్దు వాలేసరికి తొమ్మిదిమందికి వాంతులు, విరేచనాలు. దాసప్పను కృష్ణగిరిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయి రెండు రోజులు సెలైను ఎక్కించాల్సి వచ్చింది. శివప్ప గడపలో నిలబడి అదంతా చూశాడు.

మర్నాడు కేశవప్ప అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. సుగంధి బయట వరండాలో నిలబడి ఉంది.

"నీ చేతిలో చెడిపోయే పని లేదు మేస్త్రీ. పాత్రలు సరిగ్గా తోమలేదేమో ఆ యమ్మ?"

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. మూత నేనే తియ్యనియ్యలేదు, పులుపు నాకు తెలిసింది. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ తెరిచిన తలుపులోంచి సుగంధి కనిపించింది. నెమ్మదిగా, భయం లేకుండా, అతను నిజమే చెబుతాడన్న నమ్మకంతో నిలబడింది. ఆ నమ్మకం కూడా అతనికి కంటగింపయింది.

"ఆ యమ్మకు శుభ్రం కొంచెం తక్కువే," అన్నాడు శివప్ప.

అంతే అన్నాడు. అంతే చాలింది. సాయంత్రానికి సుగంధి తన చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. పోయేముందు అతనివైపు చూసింది. శివప్ప తన కాలిన చేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆశ్రమం కమిటీవాళ్ళు హోసూరులో ఫ్యాక్టరీ క్యాంటీన్లకు వండి పంపే ఒక కాంట్రాక్టరుతో మాట్లాడారు. రోజూ వ్యానులో స్టీలు డబ్బాలు వచ్చేవి. మిషన్ల దగ్గర నిలబడి పనిచేసే కుర్రవాళ్ళ తిండి. గట్టి అన్నం, కారంగా నూనె తేలే కొళంబనే పులుసు. వచ్చేసరికి చల్లారి పైన పేరుకుని ఉండేది. తొట్టి దగ్గర పళ్ళాలు సగానికి సగం మిగులుతో వచ్చేవి. మొదటి వారం ఆ పళ్ళాలు చూస్తే శివప్పకు కడుపు నిండినట్టుండేది. దాచడం ఎందుకు, అతను రోజూ వెళ్ళి చూసేవాడు.

రెండో వారం నుంచి చూడలేకపోయాడు. మద్దమ్మ అన్నం కొంగులో పోసుకుని కాకులకు వేస్తోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన దాసప్ప అన్నాన్ని నీళ్ళలో గంటసేపు నానబెట్టి, మెతుకుమెతుకూ చిగుళ్ళతో నలుపుకుంటున్నాడు. రెండు వారాలకోసారి వచ్చి అందరినీ తూకం వేసే నర్సు రంజిత, ఆషాఢంలో దాసప్పను దింపి, అంకె సరిగా చూశానా అని మళ్ళీ ఎక్కించింది. ఆరు కిలోలు తగ్గాడు.

"ఏం తాత, తినటం లేదా?"

"తినేకి ఏముండాదమ్మా," అన్నాడు దాసప్ప.

ఆ వారమే అతనికి జ్వరం పట్టుకుంది. ఏదీ వద్దన్నాడు. "సుగంధి కాచే గంజయితే తాగుతాను," అన్నాడు కళ్ళు మూసుకునే. శివప్పకు ఆ స్థితిలో కూడా లోపల చురుక్కుమంది. పక్కనే నేనున్నాను కదా, నన్నెందుకు అడగడు? వంటింట్లోకి వెళ్ళి ఎడమచేత్తోనే పొయ్యి వెలిగించాడు. నూకలు వేయించి, జీలకర్ర, శొంఠి వేసి, చక్కగా కాచి తెచ్చాడు. దాసప్ప రెండు చెంచాలు తాగి తల తిప్పేశాడు.

"బాగుండాది శివప్పా. అయితే దిగటం లేదు."

శివప్ప గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. వెయ్యిమందికి వండినవాడికి ఒక మనిషి గొంతులో దిగే గంజి కాచడం తెలియదు. ఆమె ఎలా కాచేదో గడప దగ్గర కూర్చున్నన్నాళ్ళూ ఒక్కసారి చూడలేదు. ఆమెలో తప్పు ఎక్కడుందో చూడడానికే సరిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఊత్తంగరై బస్సెక్కాడు. అక్కడ దిగి ఇంకో బస్సులో సామల్పట్టి. రైలు స్టేషను దగ్గర అడిగితే ఆమె పల్లెకు దారి చూపించారు. గంజి ఎలా కాచాలో అడిగి తెలుసుకుని వచ్చేయాలి, అంతే. అంతకు మించి ఏమీ అనుకోలేదు, అనుకోనివ్వలేదు.

సుగంధి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీకి కూలికి పోయి అప్పుడే వచ్చింది. చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. అతన్ని చూసి ఆశ్చర్యపోయినా, చాప వేసి నీళ్ళు ఇచ్చింది.

"దాసప్పకు జ్వరం. నీ గంజి అడుగుతా ఉండాడు. ఎట్ల కాస్తావు?"

"అయ్యో," అంది. వెంటనే చెప్పడం మొదలుపెట్టింది. "ఆయప్ప గొంతు సన్నమప్పా. నూకలు వేయించొద్దు. రాత్రే నానబెట్టి చేత్తో నలిపి, బట్టలో వడకట్టి కాచాల. ఉప్పు దింపినాక. తాగించేటప్పుడు పడుకోబెట్టొద్దు, వీపు వెనక దిండు పెట్టు. ఒక్కో చెంచాకు మింగినాడా లేదా చూసి..."

ఒక్క ముక్క దాచుకోకుండా చెబుతోంది. శివప్ప తన జీవితంలో మసాలా పాళ్ళు శిష్యులకు కూడా పూర్తిగా చెప్పి ఎరగడు.

"నీకు ఈడ మళ్ళీ బడిలో పని దొరకలేదా?"

"అడిగినాను. తొమ్మిదిమందిని ఆసుపత్రి పాలు చేసిన చెయ్యి, పిల్లలకు వండేదానికి వద్దు అన్నారు." ఆమె పసుపు చేతులు చూసుకుంది. "నేనేం తప్పు చేసినానో రోజూ ఆలోచిస్తానప్పా. పాత్రలు వేడినీళ్ళతోనే తోమినాను."

"నీ తప్పు లేదు," అన్నాడు శివప్ప. "వడ్డించేటప్పుడే నాకు పులుపు తగిలింది. తెలిసీ వెయ్యమన్నాను. కేశవప్ప అడిగితే నీ మీద చెప్పినాను."

బయట ఎవరిదో మేక అరుస్తోంది.

"ఎందుకప్పా?" అంది సుగంధి. "నేను నిన్ను ఏమన్నాను?"

"ఏమీ అనలేదు. వాళ్ళు నీ వంట తింటా ఉంటే నేను చూడలేకపోయినాను."

ఆమె లేచి నిలబడింది. "నాకు చెప్పి ఏం లాభం? ఆడ అందరి ముందర చెప్పు. నేను వచ్చేది రానిది తర్వాత చూస్తాను. ఇప్పుడు నువ్వు పో. చీకటి పడకముందే బస్సు."

ఆదివారం కమిటీవాళ్ళు వచ్చే రోజు. మధ్యాహ్నం అందరూ పళ్ళాల ముందు కూర్చున్నప్పుడు శివప్ప లేచాడు. కేశవప్ప ఏదో పాత పెళ్ళి కబురు చెబుతాడనుకుని నవ్వుముఖంతో చూశాడు. శివప్ప చెప్పింది అయిదారు మాటలే. చెప్పినంతసేపూ నేల చూస్తూ చెప్పాడు. ముగిశాక మద్దమ్మ అంది, "నీ మీద నమ్మకంతో తిన్నాము కదప్పా." కేశవప్ప ముఖం ఎర్రబడింది. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అతను శివప్పను మేస్త్రీ అని పిలవలేదు.

కానీ మరుసటి రోజే కేశవప్ప జీపులో సామల్పట్టికి వెళ్ళాడు. ఊర్లో నలుగురినీ పిలిచి, వాళ్ళ ముందు సుగంధికి జరిగింది చెప్పాడు. ఆమె వెంటనే రాలేదు. ఫ్యాక్టరీలో ఒప్పుకున్న పని ముగించుకుని ఎనిమిదో రోజు వచ్చింది. ఆ ఎనిమిది రోజులూ శివప్ప రాత్రే నూకలు నానబెట్టి, ఎడమచేత్తో నలిపి, ఆమె చెప్పినట్టే కాచి దాసప్పకు తాగించాడు. దాసప్ప తాగేవాడు. మాట్లాడేవాడు కాదు. మంచం మాత్రం అవతలి గోడ దగ్గరికి మార్పించుకున్నాడు. శ్రావణం ముగిసేదాకా శివప్ప ఒక్కడే ఒక వరసలో కూర్చుని తిన్నాడు.

సుగంధి అతనితో పని ఉంటేనే మాట్లాడేది. వడ్డించేటప్పుడు అతని గొంతు కూడా చూసేది, అందరిదీ చూసినట్టే.

దీపావళి దాటాక ఆశ్రమానికి మంజులమ్మ అని కొత్తామె వచ్చింది. రాయకోట దగ్గరి పల్లె. మొదటి పూట తింటూ, ఎదురుగా కూర్చున్న శివప్పను చూసి అడిగింది. "నువ్వు పెళ్ళిళ్ళకు వండే మేస్త్రీవి కదా? బాగుండాది. నువ్వే చేయించినావా?"

దాసప్ప తలెత్తాడు. అవునన్నా ఎవరూ కాదనేలా లేరు. శివప్ప లోపల ఆ పాత చురుకు కదిలింది. పోలేదు అది, పోతుందని కూడా అతనికి నమ్మకం లేదు.

"కాదమ్మా. సుగంధి వండినాది," అన్నాడు.

ఒక ముద్ద తిని, మళ్ళీ అన్నాడు. "ఉప్పు ఒక పలుకు తక్కువేస్తాది. అదొక్కటి మాత్రం అడిగితే ఇస్తాది."